ప్రచార నిధిని వరద సాయానికి మళ్లించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కోస్తా జిల్లాలకు అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల నెలలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని కుదిపేసిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చిన తిత్లీ, 2025 అక్టోబరు చివర వచ్చిన మొంథా, అన్నీ ఈ రెండు నెలల్లోనే విరుచుకుపడ్డాయి. ఉప ఎన్నికలో, స్థానిక సంస్థల ఎన్నికలో ఇదే కాలంలో వచ్చిపడితే, నీళ్లు ఊళ్లోకి వచ్చిన రోజున పార్టీ కార్యాలయాల్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "ఫ్లెక్సీలకూ ర్యాలీలకూ తగలేసే డబ్బేదో బాధితులకే ఇవ్వవచ్చు కదా?" ఇవ్వాలనే నేనూ అంటాను. అయితే ఆ డబ్బు బాధితుడి గడపకు చేరేలోగా ఇచ్చినవారి చేయి దాటి, జెండా వదిలి, మూడో మనిషి లెక్కలోకి వెళ్లి ఉండాలి. ఆ దారి తుఫాను హెచ్చరిక వెలువడ్డాక వెతుక్కునేది కాదు, వినాయక చవితి నాటికే సిద్ధం చేసి పెట్టుకోవలసినది.

ముందుగా రెండు పాత సంగతులు గుర్తు చేసుకోవాలి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు హైదరాబాదులో చెరువుల దిగువనున్న కాలనీలు మునిగాయి. నష్టపోయిన కుటుంబానికి 10,000 రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం సాయం ప్రకటించి మొదట ఇళ్ల దగ్గరే నగదుగా పంచింది. అందనివారు ఆ తర్వాత మీసేవా కేంద్రాల ముందు వరుసలు కట్టారు. నవంబరు 17న గ్రేటర్ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మర్నాడే రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపించింది, డిసెంబరు 1న పోలింగు ముగిసేదాకా వరుసల్లో నిలబడినవారికి ఎదురుచూపే మిగిలింది. అంతకు ముందు ఏడాది, 2019 మే నెలలో ఫొని తుఫాను ఒడిశా వైపు కదులుతున్నప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు ఏప్రిల్ 11నే ముగిసినా లెక్కింపు మే 23న కావడంతో ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) ఇంకా అమలులో ఉంది. అప్పుడు కేంద్ర ఎన్నికల సంఘం తూర్పు గోదావరి, విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సహాయ చర్యల కోసం కోడ్‌ను సడలించింది. ఈ రెండింటిలోనూ మాట నడిచింది ప్రభుత్వ సొమ్ము గురించి, ప్రభుత్వ యంత్రాంగం గురించి. సర్కారు ఖజానా నుంచి వచ్చిన సాయానికే అడ్డుకట్ట పడినప్పుడు, పోటీలో ఉన్న పార్టీ తన సొంత పెట్టెలోంచి పంచే సాయాన్ని ఎవరూ చూసీ చూడనట్లు వదిలేస్తారని అనుకోవడం అమాయకత్వం. సడలింపు వార్త చూసి "కోడ్ తీసేశారట, మనమూ పంచేద్దాం" అనుకునే కార్యకర్తలుంటారు. ఆ సడలింపు కలెక్టరుకు గాని అభ్యర్థికి కాదని వారికి ముందే చెప్పి ఉంచాలి.

ఇక చేయవలసిన మొదటి పని, పెట్టెలో ఉన్న డబ్బు ఎవరిదో విడదీసుకోవడం. పార్టీ సాధారణ నిధి ఒకటి. ఎన్నికల ఖర్చు కోసమే అభ్యర్థి పేరున విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలో ఉన్నది ఇంకొకటి. వరద పేరు చెప్పి జనం దగ్గర వసూలు చేసినది మూడోది. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల చొప్పున కేటాయించే నియోజకవర్గ అభివృద్ధి నిధి అసలు పార్టీదే కాదు. తీవ్ర విపత్తు వచ్చినప్పుడు దానిలోంచి కోటి రూపాయల దాకా సిఫారసు చేసే వీలుంది గాని, దాన్ని "మా పార్టీ సాయం" అని ఫ్లెక్సీ వేయించుకోవడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే. ఈ నాలుగింటినీ ఒకే పుస్తకంలో కలిపి రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. సగం చిక్కులు అక్కడే మొదలవుతాయి.

అభ్యర్థి ఖాతాలోని డబ్బు విషయంలో నేను మరీ గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ లెక్కలు రాసి చేతులు కాల్చుకున్నవాణ్ణి. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు దాకా అయిన ప్రతి ఖర్చుకూ లెక్క ఉండాలి. 78వ సెక్షన్ ప్రకారం ఫలితం వచ్చిన 30 రోజుల్లో దాన్ని జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలి. సరైన కారణం లేకుండా అప్పగించకపోతే 10ఎ సెక్షన్ కింద మూడేళ్ల అనర్హత పడవచ్చు. అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు అన్నది 2022 నుంచి మన రెండు రాష్ట్రాల్లో ఉన్న పరిమితి. లెక్కకు ఇచ్చే రిజిస్టరులో మూడు రంగుల కాగితాలుంటాయి: రోజువారీ ఖర్చుకు తెలుపు, నగదుకు గులాబీ, బ్యాంకుకు పసుపు. నేను ఒక బంధువు తరఫున ఆ పుస్తకం రాస్తున్న ఎన్నికలో, ప్రచారం సగంలో ఉండగా ఒక సాయంత్రం గాలివాన వచ్చి ఒక కాలనీలో రేకుల కప్పులు లేచిపోయాయి. కుర్రాళ్లు ఎవరినీ అడగకుండా మూడు వందల పులిహోర పొట్లాలు కట్టించి, అదే ప్రచార ఆటోలో, కట్టిన జెండా కట్టినట్టే ఉండగా తీసుకువెళ్లి పంచారు. ఒక పెద్దావిడ పొట్లం అందుకుంటూ "ఏ గుర్తు బాబూ?" అని అడిగిందట. ఆ మాటతో సహా ఎన్నికల అధికారుల వీడియో బృందం కెమెరాలో పడింది. మూడో రోజున వ్యయ పరిశీలన వారు తమ నీడ రిజిస్టరు (అభ్యర్థి ఖర్చును వారు విడిగా రాసుకునే పుస్తకం) తెరిచి చూపిస్తే, మేము హోటలుకు ఇచ్చిన దానికంటే ఎక్కువగా, ఖరారు చేసిన ధరల పట్టిక ప్రకారం లెక్కగట్టి అది మా ఖర్చులో ఎక్కి ఉంది. తెల్ల కాగితం మీద దాన్ని ఏ పేరుతో రాయాలో నాకు పాలుపోలేదు. ప్రచారమని రాస్తే ఓటర్లకు తిండి పంచినట్లు మేమే ఒప్పుకున్నట్టు, సాయమని రాస్తే అది అభ్యర్థి ఖాతాలోంచి ఎందుకు వెళ్లిందన్న ప్రశ్న. నోటీసుకు జవాబు రాయడానికి రెండు రాత్రులు పట్టింది.

అందుచేత నామినేషన్ వేసినది మొదలు ఫలితం వచ్చేదాకా అభ్యర్థి ఖాతా నుంచి సాయం పేరున ఒక్క రూపాయి కూడా కదలకూడదు. ఓటరును ప్రలోభపెట్టేందుకు అభ్యర్థి గాని, ఎన్నికల ఏజెంటు గాని, వారి సమ్మతితో ఇంకొకరు గాని ఇచ్చే కానుకను 123వ సెక్షన్ లంచంగా, అవినీతి చర్యగా చూస్తుంది. ఎన్నిక రద్దు కావడానికి అది చాలు. మనసులో ప్రలోభం లేదని మనకు తెలుసు గాని, జెండా కట్టిన ఆటోకు ఆ సంగతి చెప్పుకోవడం రాదు. వాహనాల్లో సరుకు తీసుకువెళ్లడమూ ఇంతే. ప్రచార సమయంలో అభ్యర్థి, ఏజెంటు లేదా కార్యకర్త ఉన్న బండిలో 50,000 రూపాయలకు మించిన నగదు గాని, 10,000 రూపాయల విలువ దాటిన కానుకల్లాంటి వస్తువులు గాని దొరికితే తనిఖీ బృందాలు స్వాధీనం చేసుకుంటాయి. పది టార్పాలిన్లు, ఇరవై దుప్పట్లు, నాలుగు బియ్యం బస్తాలు కలిస్తే ఆ విలువ దాటడం ఎంతసేపు? చెక్‌పోస్టు దగ్గర పట్టుబడిన సరుకు వరద తగ్గేదాకా పోలీసు స్టేషను వరండాలో తడుస్తూ ఉంటుంది.

పార్టీ నిధి సంగతి వేరు, అక్కడ నిజంగానే చేయదగినది ఉంది. ఎన్నిక ముగిశాక మిగులు ఎంతో తేలడానికి వ్యవధి పడుతుంది; గుర్తింపు పొందిన పార్టీలు తమ ఎన్నికల వ్యయ నివేదికను అసెంబ్లీ ఎన్నికలకు 75 రోజుల్లో, లోక్‌సభ ఎన్నికలకు 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి ఇస్తాయి. ఆ లెక్క తేలాకనే మిగులులో ఇంత భాగాన్ని విపత్తు సాయానికి కేటాయిస్తున్నామని కార్యవర్గం తీర్మానం చేసి, మినిట్స్‌లో రాసి, విడి ఖాతాలో వేసి ఉంచితే, తుఫాను వచ్చిన రాత్రి ఎవరినీ బతిమాలనక్కర్లేదు. తీర్మానంలో మూడు మాటలు తప్పక ఉండాలి: ఎంత, ఎవరికి, ఎవరి సంతకంతో. "అవసరాన్ని బట్టి" అని రాసిన తీర్మానం నా దృష్టిలో తీర్మానమే కాదు.

డబ్బిచ్చిన దాతను మరచిపోకూడదు. అతను ఒక పార్టీ గెలవాలని ఇచ్చాడు. వరద సాయం చేయదలిస్తే నేరుగా సహాయ నిధికే ఇచ్చేవాడు. ప్రచార నిధిని మళ్లించకూడదని వాదించేవారి వాదనలో నాకు బలంగా తోచేది ఇదొక్కటే, తక్కినవి చాలావరకు సాకులు. దీనికి విరుగుడు కూడా సులువే: రసీదు పుస్తకం అచ్చు వేయించేటప్పుడే "మిగిలిన మొత్తాన్ని విపత్తు సాయానికి వినియోగించవచ్చు" అన్న ఒక వాక్యం, దాని పక్కన సమ్మతి తెలిపే గడి చేర్పిస్తే సరిపోతుంది. పన్ను విషయమూ అప్పుడే చెప్పాలి. పార్టీకి ఇచ్చిన విరాళానికి దాత పొందిన మినహాయింపు ఆ విరాళానిదే. పార్టీ అదే డబ్బును తర్వాత సహాయ నిధికి పంపితే దాతకు రెండోసారి మినహాయింపు రాదు. పార్టీలు 2,000 రూపాయలకు మించి నగదు విరాళం తీసుకుంటే పన్ను మినహాయింపుకే ముప్పు. ఒక దాత ఏడాదిలో ఇచ్చినది 20,000 దాటితే ఆ వివరం ఎన్నికల సంఘానికి వెళ్లాలి. సాయానికి మళ్లిస్తున్నామన్న కారణంతో ఈ నిబంధనలేవీ సడలవు.

విదేశాల్లోని తెలుగువారి విషయంలో ఇంకా మెలకువ అవసరం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి పార్టీకి విరాళం ఇవ్వవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం దృష్టిలో విదేశీ వనరే కాబట్టి పార్టీ గాని అభ్యర్థి గాని వారి డబ్బు తీసుకోరాదు. బుడమేరు పొంగి 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటి దృశ్యాలు చూస్తే డాలస్‌లో ఉన్నవారికైనా చేయి జేబులోకి వెళ్లడం సహజం. ఆ డబ్బు పార్టీ ఖాతా గుమ్మం మాత్రం తొక్కకూడదు. విదేశీ విరాళాల అనుమతి ఉన్న సేవాసంస్థ ఏదో ముందే తెలుసుకుని ఆ ఖాతా వివరాలే వారికి పంపాలి. బూత్ కార్యకర్త సొంత ఫోను నంబరుతో చేసిన క్యూఆర్ కోడ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడమైతే ఇక్కడివారికైనా అక్కడివారికైనా అసలు పనికిరాదు. ఆ ఖాతాలో ఇంటి గ్యాసు బిల్లూ, వరద విరాళమూ కలిసిపోయాక ఏది ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఎవరికి ఇవ్వాలన్నది అసలైన చిక్కు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే లెక్క సులువు, రసీదు వస్తుంది; కాని ఆ నిధి అధికారపక్షం చేతిలో ఉందని ప్రతిపక్ష కార్యకర్తలకు మనసొప్పదు. ఈ ఇరకాటం కొత్తదేమీ కాదు. 1948 జనవరిలో ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధిని పెట్టినప్పుడు దాని నిర్వాహక సంఘంలో కాంగ్రెస్ అధ్యక్షుడికి కూడా స్థానం ఉండేది. పార్టీకీ సాయానికీ మధ్య గీత అప్పటినుంచే పలచన. మనసొప్పనివారు స్థానిక సంస్థలకు ఇవ్వవచ్చు. 2024 వరదల్లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ తాను ప్రకటించిన 6 కోట్లలో రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రి సహాయ నిధులకు కోటి చొప్పున పోగా, 4 కోట్లను ముంపుకు గురైన 400 పంచాయతీలకు లక్ష చొప్పున కేటాయించారు. అది పార్టీ నిధి కాదు, సొంత డబ్బు. అయినా ఎవరికెంతో ముందే విడమరచి చెప్పిన ఆ పద్ధతి పార్టీ నిధులకూ పనికొస్తుంది. ఎటు ఇచ్చినా చెక్కు ద్వారానో ఆన్‌లైన్ బదిలీ ద్వారానో ఇవ్వాలి. మొత్తాన్ని పత్రికలకు ప్రకటించడం ఆ బదిలీ పూర్తయి లావాదేవీ నంబరు చేతికి వచ్చాకనే. ప్రకటించిన కోటికీ చేరిన కోటికీ మధ్య ఎన్ని నెలలు నడిచాయని విలేకరులు అడిగే రోజు తప్పకుండా వస్తుంది.

సరుకు రూపంలోనే ఇవ్వాలని కార్యకర్తలు పట్టుబడితే, కొనే ముందు కలెక్టరేట్ కంట్రోల్ రూమును అడగాలి. అక్కడ పాలపొడి, దోమతెరలు కావాలంటుంటే మనం పాత చీరల మూటలు దించిరావడం సాయం కాదు. సంచుల మీద నాయకుడి బొమ్మ ఉండకూడదన్న నియమం కోడ్ లేని రోజుల్లోనూ పాటించాలని నేనంటాను. బొమ్మ అచ్చుకు పట్టే ఒక పూట ఆలస్యం ఒక కారణం. ఎన్నికల షెడ్యూలు హఠాత్తుగా వస్తే ఆ సంచులన్నీ గోదాములో మూలపడి పోవడం రెండో కారణం. పంపిణీ అయిన ప్రతి కిట్‌కూ వార్డు, వీధి, తేదీ రాసిన జాబితా ఉండాలి గాని, దానిలో ఓటరు కార్డు నంబరు అడగకూడదు. ఆ ఒక్క గడితో సాయం జాబితా కాస్తా ఓటర్ల జాబితా అయిపోతుంది.

నీళ్లు తీశాక మిగిలిన సరుకు మీద కూడా శ్రద్ధ పెట్టాలి. సాయం కోసం అప్పగించిన డబ్బునో సరుకునో సొంతానికి వాడుకుంటే విపత్తు నిర్వహణ చట్టం 53వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా ఉన్నాయి. మిగిలిన బస్తాలు ఎవరి ఇంటి వసారాలోనో "తర్వాత చూద్దాం" అని ఉండిపోయినప్పుడు ఆ సెక్షన్ ఎవరికీ గుర్తురాదు. వాటిని తూకం వేయించి తహసీల్దారు కార్యాలయంలో గాని, సంక్షేమ వసతిగృహంలో గాని అప్పగించి, బస్తాల సంఖ్య అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించి సంతకం, ముద్రతో రసీదు తీసుకుని తీర్మానం కాగితంతోపాటు ఫైలులో పెట్టాలి.