విజిటర్ వీసా తిరస్కరించాక మళ్లీ దరఖాస్తు చేసే విధానం

అమెరికాలో ఉన్న పిల్లలను చూడడానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బయలుదేరి, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో రెండు మూడు ప్రశ్నలకే ఇంటర్వ్యూ ముగిసి తిరిగివచ్చిన తల్లిదండ్రులు ముందుగా అక్కడ ఇచ్చిన కాగితం మీద ఏ సెక్షన్ ఉందో చూడాలి. 221(జి) అని ఉంటే అది తుది తిరస్కరణ కాదు. ఇంకా పత్రాలో, పరిశీలనో మిగిలి ఉన్నాయని దాని అర్థం. కాబట్టి అడిగినవి పంపితే సరిపోతుంది, కొత్త దరఖాస్తు అక్కరలేదు. 214(బి) అని ఉంటే మాత్రం ఆ దరఖాస్తు అంతటితో ముగిసినట్టే.

1952 నాటి అమెరికా వలస చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా కోరే ప్రతివారినీ అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశం ఉన్నవారిగానే అధికారి మొదట భావించాలి. అది నిజం కాదని నిరూపించుకోవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. దీనిపై అప్పీలు లేదు. మళ్లీ దరఖాస్తు చేయడానికి ఇంతకాలం ఆగాలన్న నిబంధన కూడా లేదు, కానీ మనిషికి 185 డాలర్ల ఫీజు మళ్లీ కట్టాలి. ఆ కాగితంలో ఉండేది అందరికీ ఇచ్చే అచ్చు మాటలే కనుక, మన విషయంలో అధికారికి ఎక్కడ సందేహం వచ్చిందో మనమే వెతుక్కోవాలి. ఆ పని చేయకుండా వెంటనే మరో ఇంటర్వ్యూ స్లాట్ కోసం పరుగెత్తడం డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం.

వెతకడం ఆ రోజే మొదలుపెట్టాలి. అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు మరిచిపోకముందే కాగితం మీద రాసుకోవాలి. తరువాత డీఎస్-160 ఫారం (ఆన్‌లైన్‌లో నింపిన వీసా దరఖాస్తు) ప్రతి తెప్పించుకుని, అర్థం కాని చోట ఎవరిచేతనైనా చెప్పించుకుంటూ ప్రతి గడినీ స్వయంగా చదవాలి. మన ప్రాంతంలో ఈ ఫారం సాధారణంగా కన్సల్టెన్సీ వారో, అమెరికాలోని అబ్బాయో నింపుతారు. సంతకం చేసిన తండ్రికి అందులో ఏముందో తెలియదు. ఉద్దానంలో కొబ్బరి తోట చూసుకుంటూ దాని మీద ఆదాయం పొందుతున్న మనిషి గురించి ‘రిటైర్డ్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే, ఆయన తిరిగి రావడానికి ఉన్న అతి పెద్ద కారణం అధికారికి కనిపించదు. అమెరికాలో ఉన్న రెండో కూతురి పేరు రాయకపోవడం, పౌరసత్వం వచ్చిన కొడుకు తల్లిదండ్రుల కోసం గ్రీన్‌కార్డు పిటిషన్ వేసి ఉన్నా లేదని రాయడం ఇంకా పెద్ద పొరపాట్లు.

పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి హక్కుల రికార్డు నకలు), పెన్షన్ పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ వెంట తీసుకువెళ్లవలసిందే, కానీ అధికారి వాటిని అడగకుండానే నిర్ణయం తీసుకోవచ్చు. అందువల్ల వాటిలోని సారం ఫారంలోనూ, నోటి జవాబులోనూ ఉండాలి. నెలనెలా పెన్షన్, పంట అమ్మిన సొమ్ము పడుతున్న ఖాతా మన జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. ఇంటర్వ్యూకు ముందు అప్పు తెచ్చి వేసిన లక్షలు అనుమానాన్నే పెంచుతాయి.

కూతురి పురుటికి వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. “పిల్లను చూసుకోవడానికి ఆరు నెలలు ఉంటాం” అంటే, ఆయా పని కోసం తీసుకువెళ్తున్నారన్న సందేహానికి తావిచ్చినట్టవుతుంది. మనవరాలిని చూడడానికి వెళ్తున్నామని, ఎన్ని వారాలు ఉంటామో, ఖర్చు ఎవరు పెడతారో, ఇక్కడ పొలం ఎవరి చేతిలో పెడుతున్నామో నిజంగా అనుకున్నది అనుకున్నట్టు చెప్పాలి. డిసెంబరులో వరి కోతలు, నూర్పులు ముగించుకుని వెళ్లి ఖరీఫ్ నారుమళ్ల నాటికి వచ్చేస్తామని చెప్పగలిగిన రైతు, తాను తిరిగి రావడానికి కారణాన్ని కూడా అందులోనే చెప్పినట్టవుతుంది.

కొత్త ఫారంలో, గతంలో వీసా తిరస్కరించారా అన్న ప్రశ్నకు తప్పనిసరిగా అవునని రాసి, ఏ సంవత్సరం, ఎక్కడ, ఏ సెక్షన్ కింద అన్నది పేర్కొనాలి. పాత ఫారంలోని తప్పును సరిదిద్దితే ఆ సంగతి అడగకముందే చెప్పడం మంచిది. 214(బి) తిరస్కరణ తరువాతి ప్రయత్నానికి అడ్డు కాదు. కావాలని ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు తేలితే మాత్రం అదే చట్టంలోని 212(ఎ)(6)(సి) సెక్షన్ కింద జీవితకాలపు నిషేధం పడవచ్చు. “కాదు అని పెట్టేద్దాం, ఎవరూ చూడరు” అనే ఏజెంటును ఆ క్షణమే వదులుకోవాలి. వేలిముద్రలతో సహా పాత వివరాలన్నీ అధికారి ముందు తెర మీదే ఉంటాయి.

పరిస్థితిలో మార్పేమీ లేక, మొదటి ఫారంలోనూ తప్పేమీ కనబడకపోతే కొంతకాలం ఆగడమే మేలు. మార్పు ఉంటే, రెండో ఇంటర్వ్యూలో “పోయినసారికీ ఇప్పటికీ తేడా ఏమిటి?” అన్న ప్రశ్నకు రెండు వాక్యాల జవాబు సిద్ధం చేసుకోవాలి. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడే అవకాశం ఉంది కనుక, రాని ఇంగ్లిష్‌లో కంఠస్థం చేసిన జవాబుల కంటే, “పోయినసారి నా తోట సంగతి ఫారంలో రాయలేదండీ, ఇప్పుడు రాశాను” అని ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెప్పడం మంచిది.