పాత కారులో కూలెంట్ కనెక్టర్ విరిగినప్పుడు: చెయ్యి పెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పైపులను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్ పాత కారులో విరిగిందంటే, ఆ ఒక్క ముక్కకే కాలం చెల్లిందని అనుకోకూడదు. ఈ కనెక్టర్లను ఎక్కువగా గాజుపీచు కలిపిన నైలాన్‌తో తయారు చేస్తారు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉండటం వల్ల అది పెళుసుబారి, పైకి నిక్షేపంగా కనిపిస్తూనే, పైపును కాస్త పక్కకు వంచగానే పుటుక్కున విరుగుతుంది. పక్కనున్న ప్లాస్టిక్ గొట్టాలు కూడా అదే వేడిని అన్నేళ్లూ భరించినవే కాబట్టి, వాటిపై మోచెయ్యి కూడా ఆనించకుండా పనిచేయాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారే వరకు కూలెంట్ మూత జోలికి పోకూడదు. చాలా కార్లలో కూలెంట్ మూత దాదాపు 15 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్‌లోని ముఖ్య రసాయనం) సమపాళ్లలో కలిసిన ద్రవం బయట సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, ఆ ఒత్తిడిలో 129 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. మూత తిప్పిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, లోపలి ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఎలాగూ కారిపోయింది కదా, లోపల ఒత్తిడి ఎక్కడుంటుందని ధైర్యం చేయవద్దు. వీలైతే కారును రాత్రంతా వదిలేయడం మేలు. తాళం తీసేసినా కొన్ని కార్లలో ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది కనుక బ్యాటరీ నెగటివ్ తీగను ముందే విప్పాలి. కారు కిందికి వెళ్లవలసి వస్తే జాకీని మాత్రమే నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టాలి.

ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నేల మీది మడుగును నాకి చనిపోతాయి. అందుచేత విప్పబోయే పైపు కింద వెడల్పాటి తొట్టి పెట్టి, చిందినదాన్ని వెంటనే తుడిచేయాలి.

అన్నింటికన్నా ఓపిక అవసరమయ్యేది విరిగిన ముక్కలు తీసేటప్పుడే. పైపు లోపల మిగిలిన మొదలును స్క్రూడ్రైవర్‌తో పొడిచి పెకలిస్తే అది పొరలు పొరలుగా రాలి, ఆ పలుకులు కూలెంట్‌తో పాటు ప్రయాణించి కారు లోపలికి వేడి గాలినిచ్చే హీటర్ కోర్ సన్నని దారుల్లోనో, వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్ దగ్గరో ఇరుక్కుంటాయి. రంధ్రంలోకి ముందుగా గుడ్డ పీలిక దోపి, మొదలును మెల్లగా లోపలి వైపుకే నలిపి, ఒక్కొక్క ముక్కా బయటకు తీయాలి. తీసిన ముక్కలను తెల్లటి గుడ్డ మీద పరిచి, కొత్త కనెక్టర్‌ను పక్కన పెట్టుకుని, పాతదాని ఆకారం పూర్తయిందో లేదో చూడాలి. గోరంత ముక్క తగ్గినా వెతకవలసిందే. రబ్బరు పైపు అది ఎక్కిన గొట్టానికి అతుక్కుపోయి రాకపోతే, లోపలి గొట్టానికి గీత పడకుండా రబ్బరు పైపునే నిలువుగా కోయాలి. పైపు మళ్లీ కొనుక్కోవచ్చు, గీత పడిన గొట్టం మాత్రం ఎన్ని క్లాంపులు బిగించినా కారుతూనే ఉంటుంది.

విరిగినదాన్ని జిగురుతో అతికించడాన్ని నేను ఒప్పుకోను. ఆ వేడికీ, ఒత్తిడికీ అతుకు ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం, కూలెంట్ లేకుండా పరుగెత్తిన ఇంజిన్‌లో పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగిపోవచ్చు. అదే కొలతలో ఇత్తడి లేదా అల్యూమినియం కనెక్టర్ దొరికితే అదే వేయడం మంచిది. ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు వలయం) ఉంటే దానికి కొద్దిగా కూలెంట్ రాసి దించాలి; కూలెంట్‌కు వాడే రబ్బరు మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. క్లాంప్ గొట్టం చివరి గట్టు దాటి వెనక కూర్చోవాలి, ప్లాస్టిక్ మీద అయితే పైపు కదలకుండా నిలిచేంత వరకే బిగించాలి.

రంగు చూసి కూలెంట్ కలపకూడదు, యజమాని పుస్తకంలో చెప్పిన రకాన్నే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే విప్పి, బుడగలు ఆగే దాకా నిదానంగా నింపాలి. లోపల గాలి చిక్కుకుంటే ఉష్ణోగ్రత ముల్లు తప్పు చూపవచ్చు. మొదటి ప్రయాణం దగ్గరలోనే ముగించి, మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడాలి. గాలి సర్దుకుని మట్టం ఒకసారి కొద్దిగా తగ్గడం సహజమే. నింపిన తర్వాత కూడా రోజూ తగ్గుతూ ఉంటే కారును నడపడం ఆపి, కొత్త అతుకు కింద పొడి కాగితం పరిచి, తడి ఎక్కడ మొదలవుతోందో చూడాలి.