బెంగళూరులో ఇంటి లేత్‌కు సెకండ్‌హ్యాండ్ టూలింగ్ ఎంచుకోవడం ఎలా

ఇంట్లో చిన్న లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) పెట్టుకోవాలనుకునేవారు ఎక్కువగా యంత్రం ధర గురించే లెక్కలు వేసుకుంటారు. కానీ చక్ (పని ముక్కను పట్టి తిప్పేది), డ్రిల్ చక్, సెంటర్లు (ముక్కను ఆనించే మొనలు), టూల్ హోల్డర్లు, టూల్ బిట్లు, బోరింగ్ బార్లు, మైక్రోమీటర్, డయల్ గేజ్ వంటి టూలింగ్ అంతా కొత్తదే కొంటే ఆ ఖర్చు యంత్రం ధరకు దీటుగా నిలుస్తుంది. బెంగళూరులో ఉన్నవారికి ఈ విషయంలో పెద్ద వెసులుబాటు ఉంది. 1940లో హెచ్‌ఏఎల్, 1948లో ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్ వంటి పెద్ద కర్మాగారాలు ఈ నగరంలో మొదలయ్యాక, లోహపు పని ఇక్కడ వేళ్లూనుకుని, రాజాజీనగర్‌లోనూ పీణ్యలోనూ చిన్న చిన్న వర్క్‌షాపులు వందల్లో వెలిశాయి. వాటిలో చాలా భాగం కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలకు మారిపోవడంతో, చేత్తో నడిపే లేత్‌ల కోసం ఒకప్పుడు మంచి ధర పెట్టి కొన్న సరంజామా బీరువాల అడుగున, పాత ఇనుము కొట్లలో పడి ఉంది. దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం కాదు. మన యంత్రానికి పనికొచ్చేదేదో, పనికిరానిదేదో కొట్టు ముందు నిలబడి తేల్చుకోగలగడమే అసలు పని.

అందుకే బజారుకు బయలుదేరే ముందు మీ లేత్ కొలతలు ఒక కాగితం మీద రాసుకోండి. మొదటిది స్పిండిల్ ముక్కు, అంటే చక్‌ను బిగించే తిరిగే ఇరుసు చివర: మర ఉన్నదా, బోల్టులతో బిగించే ఫ్లాంజా, క్యామ్‌లాకా అన్నది చూసి, మర అయితే దాని వ్యాసం, పిచ్ (మర గీతల మధ్య దూరం) రాసుకోవాలి. రెండవది టెయిల్‌స్టాక్‌లోని (స్పిండిల్‌కు ఎదురుగా ఉండే ఆధారంలోని) మోర్స్ టేపర్, అంటే పనిముట్ల కాడ కూర్చునే వాలు రంధ్రం. చిన్న లేత్‌లలో ఇది ఎక్కువగా 2వ నంబరు; దాని పెద్ద చివర వ్యాసం 17.780 మి.మీ. 1వ నంబరుకు అది 12.065, 3వ నంబరుకు 23.825, 4వ నంబరుకు 31.267 మి.మీ. కనుక మామూలు వర్నియర్‌తోనే ఏది ఏదో తేలిపోతుంది. మూడవది టూల్ కూర్చునే చోటు నుంచి స్పిండిల్ మధ్య గీత వరకు ఉన్న ఎత్తు. స్పిండిల్‌లో ఒక సెంటర్ పెట్టి, టూల్ పోస్ట్‌లో టూల్ ఆనే తలం నుంచి దాని మొన వరకు కొలిస్తే ఇది వస్తుంది. చాలామంది కొలవకుండా వదిలేసేది ఈ ఎత్తునే, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేదీ దీనివల్లే. నాలుగవది బెడ్ మీద తిరగగల గరిష్ఠ వ్యాసం, అంటే స్వింగ్.

ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు మెట్రో గ్రీన్ లైన్ మీదే ఉంది. ఒక వైపు పీణ్య ఇండస్ట్రీ స్టేషన్, మరో వైపు కేఆర్ మార్కెట్ స్టేషన్. మార్కెట్ పక్కనున్న ఎస్‌జేపీ రోడ్డులో హార్డ్‌వేర్, మోటార్లు, పనిముట్లు అమ్మే కొట్లు వరుసగా ఉంటాయి. కొత్త సరుకు ధర తెలుసుకోవడానికి కూడా ముందు అక్కడికే వెళ్లాలి, ఎందుకంటే కొత్తదాని ధర తెలియనివారు పాతదాని ధరను బేరం చేయలేరు. ఆదివారాలు మార్కెట్ చుట్టుపక్కల పరిచే పాత సామాన్ల బజారులో టూల్ బిట్లు, లోపలి మరలు కోసే ట్యాపులు, మైక్రోమీటర్లు కనిపిస్తుంటాయి కానీ, అక్కడ కొన్నదాన్ని తిరిగి ఇవ్వడం కుదరదు కాబట్టి, అక్కడికక్కడే పరీక్షించగల వస్తువులకే పరిమితం కావడం మంచిది. ప్రభుత్వరంగ సంస్థల తుక్కు ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ జరిపే ఇ-వేలం ద్వారా పెద్ద పెద్ద లాట్లుగా పోతుంది, ఇంటివారు అందులో పాల్గొనడం కుదిరే పని కాదు.

నా అభిప్రాయంలో అన్నిటికన్నా మంచి చోటు పీణ్యలోని చిన్న వర్క్‌షాపులే. వాటిలో ఏది మూతపడుతున్నదో, ఏది సీఎన్‌సీకి మారినదో తెలుసుకోవాలంటే టూల్ రీగ్రైండింగ్ చేసేవారిని, ఇన్సర్ట్‌లు (హోల్డర్‌కు బిగించే, మార్చుకోగల కోత ముక్కలు) అమ్మే డీలర్లను అడగాలి. ఆ ప్రాంతంలో ఏ షెడ్డులో ఏముందో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. యజమానితో మీరు వ్యాపారానికి కాక ఇంట్లో నేర్చుకోవడానికి కొంటున్నారని ముందే చెప్పండి. జీవితమంతా లేత్ మీద నిలబడిన మనిషి తన పనిముట్లు తుక్కులోకి పోవడం కంటే, వాడేవారి చేతికి వెళ్లడాన్నే ఇష్టపడతాడు. ఆయన చెప్పే మాటలు కూడా శ్రద్ధగా వినండి, ఏ చక్ కింద పడిందో, ఏది పడలేదో చెప్పగలిగేది ఆయన ఒక్కరే.

ఇక చక్ సంగతి. ఇక్కడి బజారులో మూడు దవడలు ఒకేసారి కదిలేదాన్ని ట్రూ చక్ అనీ, నాలుగు దవడలు విడివిడిగా కదిలేదాన్ని డాగ్ చక్ అనీ అంటారు. పాతదాంట్లో డాగ్ చక్ కొనడం క్షేమం, ఎందుకంటే అరిగినా ప్రతి దవడనూ విడిగా సర్దుకుని డయల్ గేజ్‌తో మధ్యకు తెచ్చుకోవచ్చు. ట్రూ చక్‌కు ఆ అవకాశం లేదు. అందుకే దాన్ని కొనే ముందు, "జాస్ బయటికి తీసి చూడొచ్చా అన్నా?" అని అడగండి. కాదన్న కొట్టులో ట్రూ చక్ కొనవద్దు. కీ తిప్పుతూ దవడలను పూర్తిగా బయటికి రప్పించి, వాటి మీద 1, 2, 3 అంకెలు ఉన్నాయా, సీరియల్ నంబరు ఉంటే అది చక్ ఒంటి మీది నంబరుతో కలుస్తున్నదా చూడండి. దవడలను ఆ చక్‌లోనే బిగించి గ్రైండ్ చేస్తారు కాబట్టి, వేరే చక్ దవడలు వేసినది ఎంత మెరుస్తున్నా నిఖార్సుగా తిరగదు. లోపల కనిపించే, దవడలను కదిపే స్క్రోల్ మరలో విరిగిన చోటుగానీ, పొడిపొడిగా రాలిన అంచుగానీ ఉంటే అక్కడితో బేరం ముగించాలి.

తరువాత దవడలు తిరిగి ఎక్కించి, సాఫీగా గ్రైండ్ చేసిన కడ్డీనో, ఒక మంచి డ్రిల్ కాడనో పట్టించండి. దవడకూ కడ్డీకీ మధ్య సన్నని కాగితపు ముక్కలను, ఒక్కో దవడకు ముందు ఒకటి, లోపల ఒకటి ఉండేలా పెట్టి బిగించి, లాగి చూడాలి. లోపలివి గట్టిగా ఉండి ముందువి జారి వచ్చేస్తే దవడల నోరు గంటలా విచ్చుకుందని అర్థం. ఏళ్ల తరబడి దవడల చివరతోనే పని పట్టిన చక్ అలాగే అవుతుంది. పొట్టి ముక్కలు పట్టుకోవడానికి అది పనికిరాదు. ఈ దోషం కొద్దిగా ఉంటే టూల్ పోస్ట్‌లో గ్రైండర్ కట్టి దవడలు సరిచేయించవచ్చు కానీ, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగాలి. లోపలి దవడలతోపాటు తిరగేసి పట్టే బయటి దవడల జత కూడా ఉంటే విలువ చాలా పెరుగుతుంది. చక్‌ను స్పిండిల్‌కు కలిపే వెనక బ్యాక్ ప్లేట్ మీ స్పిండిల్‌కు కుదరకపోయినా దిగులు పడనక్కర్లేదు. కొత్త పోత ఇనుప ప్లేట్‌ను మీ లేత్ మీదే ఎక్కించి, అక్కడే చెక్కుకుంటే చక్ సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. పరిమాణం విషయంలో మాత్రం ఆశ పడకూడదు. 180 మి.మీ. స్వింగ్ ఉన్న లేత్‌కు 100 లేదా 125 మి.మీ. చక్ చాలు. పెద్ద పాత పోత ఇనుప చక్‌ను చిన్న లేత్ అందించే అధిక వేగంతో తిప్పడం ప్రాణాపాయం.

టూల్ హోల్డర్ల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. పీణ్యలో చవగ్గా, రాశులుగా దొరికేవి సీఎన్‌సీ నుంచి వచ్చిన 25 మి.మీ. హోల్డర్లు. వాటి మీద పీసీఎల్‌ఎన్ఆర్ 2525ఎం12 వంటి గుర్తు ఉంటుంది. అందులోని 2525 అంటే 25 మి.మీ. ఎత్తు, 25 మి.మీ. వెడల్పు. చిన్న లేత్ టూల్ పోస్ట్‌లో అంత ఎత్తుది పెడితే మొన సెంటర్ ఎత్తును దాటిపోతుంది, అడుగు చెక్కుదామంటే ఆ ఉక్కు గట్టిది. పైగా అందులో కూర్చునే, పక్కలకు వాలు లేని నెగటివ్ ఇన్సర్ట్‌లకు శక్తి, యంత్రపు బిగువు రెండూ ఎక్కువ కావాలి; తేలిక యంత్రం మీద అవి కంపిస్తూ పని మీద అలలు వేస్తాయి. మనం వెతకవలసింది ఎస్‌సీఎల్‌సీఆర్ 1212 వంటి గుర్తున్న 12 మి.మీ. హోల్డర్లు, వాటికి సరిపోయే సీసీఎంటీ 060204, సీసీఎంటీ 09టీ304 ఇన్సర్ట్‌లు. వీటికి 7 డిగ్రీల వాలు ఉంటుంది కాబట్టి తక్కువ బలంతోనే కోస్తాయి. హోల్డర్‌ను చూసేటప్పుడు ఇన్సర్ట్ కూర్చునే గూడు నలిగిందా, స్క్రూ మర అరిగిందా అన్నవి రెండూ తప్పక చూడాలి. గూడు నలిగితే కొత్త ఇన్సర్ట్ కూడా కదులుతూ విరిగిపోతుంది.

వాడిన ఇన్సర్ట్‌లు కొనవద్దని నా సలహా. ఒక మూల కొత్తగా కనిపించినా, కంటికి ఆనని చిన్న బీట ఉంటే మొదటి కోతకే చిట్లుతుంది. వాటికి బదులు డీలర్ దగ్గర మిగిలిపోయిన, 10 ఇన్సర్ట్‌ల డబ్బాలో సగం ఖాళీ అయినవి అడగండి. డబ్బా మీద నీలి రంగు గుర్తు ఉంటే ఉక్కుకు, పసుపు స్టెయిన్‌లెస్‌కు, ఎరుపు పోత ఇనుముకు, ఆకుపచ్చ అల్యూమినియం, ఇత్తడి వంటివాటికి అని గుర్తుంచుకుంటే ఎంపిక సులువవుతుంది.

అయితే ఇంటి లేత్‌కు అన్నిటికన్నా లాభసాటి బేరం హైస్పీడ్ స్టీల్ టూల్ బిట్లే అని గట్టిగా చెప్పగలను. ఉత్పత్తి పనిలో సానపట్టి సానపట్టి 50, 60 మి.మీ.కు వచ్చిన తునకలను వర్క్‌షాపులు పక్కన పడేస్తాయి. మన పనికి అవి ఇంకా చాలాకాలం వస్తాయి. చెన్నైలో తయారయ్యే అడిసన్, ఇంకా మిరాండా పేర్లున్నవి, ఎం2 అనో, 5 శాతం కోబాల్ట్ ఉండే ఎం35 అనో గుర్తున్నవి ముందుగా ఏరుకోండి. గుర్తు చెరిగిపోయి ఉంటే కొట్టతన్ని గ్రైండర్ మీద ఒక్కసారి తాకించమనండి. హైస్పీడ్ స్టీల్ నుంచి మసక ఎరుపు రంగులో, పొట్టిగా, కొద్దిపాటి నిప్పురవ్వలే వస్తాయి. మామూలు కార్బన్ స్టీల్ నుంచి తెల్లగా, చిటపటలాడుతూ పువ్వుల్లా విచ్చుకుంటాయి. విడియా టూల్ అని పిలిచే బ్రేజ్డ్ కార్బైడ్ టూల్స్ కూడా చవగ్గా వస్తాయి. వాటిని పచ్చరంగు సిలికాన్ కార్బైడ్ రాయి మీద సానపట్టాలి, కోబాల్ట్ కలిసిన ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి మాస్కు లేకుండా ఆ పని చేయకూడదు.

టేపర్ కాడ ఉన్న డ్రిల్లు, సెంటర్లు, స్లీవులు (టేపర్ సైజు మార్చే తొడుగులు) కొనడానికి వెళ్లేటప్పుడు మీ టెయిల్‌స్టాక్ టేపర్‌కు సరిపోయే స్లీవ్ ఒకటి జేబులో వేసుకువెళ్లండి. అదే మీ గేజ్. కాడ మీద నిలువుగా మూడు పెన్సిల్ గీతలు గీసి, స్లీవ్‌లో పెట్టి కొద్దిగా తిప్పి తీస్తే, గీతలు పొడవునా చెరిగితే కాడ బాగున్నట్టు, ఒకచోటే చెరిగితే అక్కడ ఉబ్బు ఉన్నట్టు. చిన్న ఉబ్బును నూనెరాయితో తీసేయవచ్చు. కాడ చివరి తోక మెలితిరిగినదాన్ని వదిలేయాలి. 2వ నంబరు కాడతో 14.25 నుంచి 23 మి.మీ. వరకు డ్రిల్లులు వస్తాయి, వీటిని సాన పట్టుకోవచ్చు కనుక మొన మొద్దుబారినందుకు వెనకాడనక్కర్లేదు. బేరింగుల మీద తిరిగే రివాల్వింగ్ సెంటర్‌ను మాత్రం జాగ్రత్తగా చూడాలి. వేలితో తిప్పితే చాలాసేపు గిర్రున తిరిగేదే మంచిదని అనుకుంటారు, కానీ మంచి బేరింగులు కొద్దిపాటి బిగువుతో మెత్తగా తిరిగి ఆగుతాయి. ఇసుక రాపిడిలా తగిలినా, మొనను ముందుకూ వెనక్కూ లాగితే కదిలినా వద్దు.

రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే రీమర్లు పాతవైతే ఎక్కువగా అరిగి కొలత తగ్గి ఉంటాయి, మైక్రోమీటర్ లేకుండా కొనకూడదు. పాత ట్యాపులు వద్దు. లేత్ గేర్లు దొరికితే పళ్లు లెక్కపెట్టి, ఆ సంఖ్యకు 2 కలిపి, బయటి వ్యాసాన్ని దానితో భాగిస్తే పళ్ల పరిమాణాన్ని చెప్పే మాడ్యూల్ వస్తుంది: 40 పళ్ల గేర్ వ్యాసం 42 మి.మీ. అయితే మాడ్యూల్ 1, 63 మి.మీ. అయితే 1.5. మీ మాడ్యూల్‌లో 127 పళ్ల గేర్ కనిపిస్తే వదలకండి, అంగుళం సరిగ్గా 25.4 మి.మీ. కాబట్టి అంగుళాల లీడ్ స్క్రూతో (మర కోసేటప్పుడు టూల్‌ను నడిపే పొడవాటి స్క్రూతో) మెట్రిక్ మరలు నిఖార్సుగా కోయడానికి ఆ గేరే ఆధారం.

కొలిచే పరికరాల్లో పేరున్న బ్రాండ్లకు నకిలీలు చాలా ఉన్నాయి కనుక పేరును కాక పనిని నమ్మాలి. ఒక కొత్త 6204 బేరింగ్ వెంట తీసుకెళ్లండి. దాని బయటి వ్యాసం 47 మి.మీ., తేడా ఉన్నా మైక్రాన్లలోనే ఉంటుంది. 25–50 మి.మీ. మైక్రోమీటర్‌ను, వర్నియర్‌ను దాని మీద పరీక్షించడానికి ఒక్క నిమిషం పడుతుంది. డయల్ గేజ్ ప్లంజర్‌ను నెమ్మదిగా నొక్కి వదిలితే ముల్లు ప్రతిసారీ అదే చోటికి తిరిగి రావాలి.

ధర విషయంలో నేను పాటించేది ఇది: దవడలన్నీ ఉన్న మంచి చక్‌కు కొత్తదాని ధరలో సగం వరకు, బయటి దవడలు లేకపోతే మూడోవంతు, టూల్ బిట్లకు తూకం ధర. అయితే హైస్పీడ్ స్టీల్, కార్బైడ్ తుక్కుకు మామూలు ఇనుము కంటే ఎక్కువ ధర పలుకుతుందని కొట్టువాళ్లకు బాగా తెలుసు, ఇనుము ధరకు అడిగి వారిని చిన్నబుచ్చవద్దు. ఎస్‌జేపీ రోడ్డులో కన్నడం, ఉర్దూ, తమిళం, తెలుగు అన్నీ నడుస్తాయి. ఇంకా ఏమేం వెతుకుతున్నారో కొలతలతో సహా రాసి, ఫోన్ నంబరుతో ఇచ్చి వస్తే, సరుకు వచ్చినప్పుడు కబురు పెట్టేవారూ ఉన్నారు.

తెచ్చిన వస్తువును వెంటనే లేత్‌కు ఎక్కించకండి. చక్‌ను పూర్తిగా విప్పి కిరోసిన్‌లో కడిగి, పాత గ్రీజులో దాగిన లోహపు పొడి పోయేదాకా బ్రష్షుతో రుద్దాలి. తుప్పు పట్టిన చిన్న వస్తువులను నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టవచ్చు కానీ, గ్రైండ్ చేసిన ముఖాలు ఎక్కువసేపు ఉంటే మసకబారతాయి కాబట్టి మధ్యమధ్య తీసి చూస్తూ, చాలనిపించగానే చాకలిసోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, నూనె పూయండి. ఆ తరువాత చక్ బిగించి, అతి తక్కువ వేగంలో తిప్పి, పక్కకు నిలబడి చప్పుడు వినండి.