పై అంతస్తు స్లాబ్ సెగ: చివరికి తగ్గించింది తెల్ల కోటింగే

లక్షణం: రాత్రి 11 దాటినా సీలింగ్ నుంచి సెగ, ఏసీ 24 మీద పెట్టినా కంప్రెసర్ ఆగదు. గ్రీన్ నెట్, సాయంత్రం నీళ్ళు చల్లడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్, టీవీ షోల్లో చూపించే ఫాల్స్ సీలింగ్, ఏదీ పెద్దగా తేడా చూపలేదు.

పనిచేసింది కూల్ రూఫ్ కోటింగ్, అంటే ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (ఎండకి పూత ఎంత తక్కువ వేడెక్కుతుందో చెప్పే అంకె, ఎక్కువ ఉంటే మంచిది) 100 పైన ఉన్నది తీసుకోండి. మామూలు తెల్ల ఎమల్షన్ ఎండకీ వానకీ పొరలు లేస్తుంది.

ముందు వైర్ బ్రష్‌తో పాచి, పాత సున్నం పెచ్చులు పోయేదాకా గీకి, కడిగి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే బుడగలు వస్తాయి. పగుళ్ళు క్రాక్ ఫిల్లర్‌తో పూడ్చాక, అదే కోటింగ్‌ను డబ్బా మీద చెప్పినంత నీళ్ళతో పలచన చేసి ప్రైమర్‌గా కొట్టాలి. తర్వాత చిక్కగా రెండు పూతలు: మొదటిది పొడుగ్గా, బాగా ఆరాక రెండోది అడ్డంగా. పిట్టగోడ లోపలి వైపు మర్చిపోవద్దు. 600 చదరపు అడుగులకు 20 లీటర్ల బకెట్ సరిపోయింది. గరుకు స్లాబ్ ఇంకా తాగేస్తుంది.

పని ఉదయం 9 లోపే ముగించాలి. చెయ్యి పెట్టలేనంత కాలిన స్లాబ్ మీద రోలర్ తిప్పితే పైపొర ముందే ఎండి, తర్వాత ఊడుతుంది.

ఇది పై అంతస్తుకే. పడమటి గోడ సెగకి దీనితో లాభం లేదు. స్లాబ్ కారుతుంటే ముందు వాటర్‌ప్రూఫింగ్. దుమ్ము పడితే తెలుపు మందగిస్తుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో ఒకసారి కడగాలి.