సంక్రాంతి కబడ్డీకి ముందు: జ్వరం తగ్గింది సరే, బల్ల సంగతేంటి?

పండక్కి హాస్టళ్ల నుంచి కుర్రాళ్లు దిగుతారు. కోనసీమ అయినా భీమవరం వైపయినా, వచ్చిన మర్నాడే కబడ్డీ కోర్టులో ఉంటారు. వాళ్లలో ఎవరికైనా ఈమధ్య గొంతు నొప్పితో గట్టి జ్వరం వచ్చి ఉంటే, కూతకు పంపేముందు ఇంట్లోవాళ్లు ఒక్క సంగతి కనుక్కోవాలి. అది మామూలు టాన్సిల్సా, లేక మోనోనా?

మోనో అంటే ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అనే జ్వరం, ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల వస్తుంది. ఈ వైరస్ ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు సోకిందే. పసితనంలో వస్తే జలుబులా పోతుంది. ఇంటర్, డిగ్రీ వయసులో మొదటిసారి వస్తేనే మంచాన పడేస్తుంది: జ్వరం, గొంతులో తెల్లటి పొర, మెడ చుట్టూ బిళ్లలు, వారాల తరబడి నీరసం. సోకాక నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ బయటపడదు. హాస్టల్లో అంటుకున్నది ఇంటికొచ్చాక తేలితే ఆశ్చర్యం లేదు.

అసలు భయం గొంతుతో కాదు, ప్లీహంతో. ఎడమ పక్కటెముకల కింద ఉండే ఈ అవయవం మోనోలో చాలామందికి ఉబ్బుతుంది. మన పెద్దవాళ్లు బల్ల పెరిగిందనేది దీన్నే. ఉబ్బినప్పుడు అది మెత్తబడి, గట్టి దెబ్బ తగిలితే చిట్లిపోవచ్చు. ఇది అరుదే, కానీ జరిగితే కడుపులోనే రక్తం పోతుంది. కుర్రాడికి జ్వరం పోయి ఆకలి పుట్టినా బల్ల ఇంకా తగ్గకపోవచ్చు. అందుకని జబ్బు మొదలైన రోజు నుంచి కనీసం మూడు నాలుగు వారాలు కబడ్డీ వద్దు. వడ్ల బస్తాలు, కొబ్బరికాయల మోత కూడా వద్దు. ఆ తర్వాతైనా డాక్టరు సరేనన్నాకే. జట్టువాళ్లు బతిమాలతారు, పట్టించుకోకండి. కడుపు పిసికించడం, తోమించడం లాంటివీ చేయించకండి.

ఎడమవైపు పైకడుపులో ఉన్నట్టుండి నొప్పి, ఎడమ భుజంలో పోటు, చెమటలు, కళ్లు తిరగడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే వెళ్లండి. లంక గ్రామాల వాళ్లు రాత్రిపూట ఏరు ఎలా దాటాలో, ఎవరి నావ ఉందో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

మందుల విషయానికొస్తే, ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా మోనో ఉన్నవాళ్లకి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే చాలామందికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. గొంతు నొప్పి అనగానే ఆ మాత్రే చేతిలో పెట్టడం మన దగ్గర మామూలు కనుక అడిగి తీసుకోండి. డెంగీలో లాగే మోనోలోనూ ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) కొంత తగ్గవచ్చు. డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర వేయొద్దు, అదీ చెప్పిన మోతాదులోనే. కాలేయం కూడా వాస్తుంది కాబట్టి పండగ మందు బంద్. కళ్లు పచ్చబడ్డాయని పసరు పోయించకండి, రక్తపరీక్ష చేయించండి.

ఇక ఫోన్‌లో వెతికితే ఈ వైరస్ పేరు పక్కనే క్యాన్సర్ కనిపించి టెన్షన్ పెడుతుంది. సంబంధం ఉన్నమాట నిజమే. 1964లో దీన్ని కనిపెట్టిందే ఆఫ్రికా నుంచి వచ్చిన బర్కిట్ లింఫోమా అనే క్యాన్సర్ గడ్డ కణాల్లో. హాడ్జ్‌కిన్ లింఫోమా, ముక్కు వెనుక భాగంలో వచ్చే ఒక రకం క్యాన్సర్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో కూడా దీనికి లంకె ఉంది. కానీ వైరస్ ఉన్నవాళ్లు కోట్లమంది, వాళ్లలో ఈ జబ్బులు వచ్చేది బహు కొద్దిమందికి. మెడ బిళ్లలు నెల దాటినా కరగకపోయినా, బరువు తగ్గుతూ రాత్రిళ్లు చెమటలు పడుతున్నా తప్పకుండా చూపించాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడతారు కాబట్టి అన్నాళ్లు చూడకూడదు. కొత్తగా జ్వరమో బిళ్లో కనిపిస్తే ఆ రోజే తమ డాక్టరుకి చెప్పాలి.