తక్కువ అద్దె ఇళ్లకు పన్ను ఊరట: నా అనుభవం

మా సొసైటీ నడిపే తక్కువ అద్దె ఇళ్లకు వచ్చిన ఆస్తి పన్ను నోటీసు చూడగానే టెన్షన్ పట్టుకుంది. చుట్టుపక్కల భవనాలకు వచ్చే మార్కెట్ అద్దే మాకూ వస్తుందని పన్ను లెక్కగట్టారు. అంత అద్దె వసూలు చేయడానికి మా ఒప్పందమే ఒప్పుకోదు. పన్ను కోసం అద్దె పెంచితే, ఎవరి కోసం ఆ ఇళ్లు కట్టామో వాళ్లే ఖాళీ చేయాల్సి వస్తుంది.

అందుకే పన్ను రాయితీ అడిగే ముందు అసలు మదింపునే, అంటే పన్ను కోసం ఇళ్లకు కట్టిన విలువనే, ప్రశ్నించాను. అదే పని చేసింది. అద్దె పరిమితి ఉన్న రిజిస్టర్డ్ ఒప్పందం, అద్దె రసీదులు, నిర్వహణ ఖర్చుల లెక్క జతచేసి, మాకు నిజంగా రాగల అద్దె మీదే విలువ కట్టమని అప్పీలు వేశాను. గడువు మాత్రం దాటనివ్వకండి, ఆ తర్వాత ఎంత న్యాయమైన వాదనైనా వినకపోవచ్చు. విలువ తగ్గించారు.

రాయితీ దరఖాస్తు ఆ తర్వాత. దానికి మమ్మల్ని అద్దెదారుల ఆదాయ పత్రాలు అడిగారు, వాటిని ఏటా కొత్తగా ఇవ్వమన్నారు. రాయితీ వచ్చినా నీటి, చెత్త రుసుములు మామూలుగానే పడ్డాయి.

పన్నులో మిగిలిన సొమ్ము మరమ్మతులకూ అద్దె తగ్గింపుకూ మాత్రమే వాడాలని సొసైటీలో తీర్మానం చేయించాను. ఇది రాతపూర్వకంగా లేకపోతే ఊరట అద్దెదారు దాకా చేరదని నా గట్టి అభిప్రాయం.