వంటింటి కొళాయి కారుతోందా? మార్చే ముందు ఇది చూడండి

కొళాయి కారుతోందనగానే కొత్తది కొనేయక్కర్లేదు. ముందు నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయో చూడండి.

కట్టేసినా మూతి నుంచి బొట్లు పడుతుంటే లోపల వాషరో, కార్ట్రిడ్జో (నీళ్లు తెరిచి మూసే లోపలి భాగం) అరిగిందన్నమాట. నాలుగైదు చుట్లు తిప్పే పాత రకమైతే ట్యాంకు వాల్వు కట్టేసి, పిడి కింద నట్టు విప్పి వాషర్ మార్చండి, చిల్లరతో పోతుంది. పావు చుట్టుతో కట్టే రకంలో వాషర్ ఉండదు, కార్ట్రిడ్జ్ మార్చాలి.

ధార సన్నబడితే మూతిలో జాలీ విప్పండి. బోరు నీళ్ల ఇళ్లలో దాని నిండా తెల్లటి గారే. వెనిగర్లో కాసేపు నానబెట్టి బ్రష్‌తో రుద్దితే చాలు.

కొళాయి ఒళ్లు పగిలినా, గోడ దగ్గర మరలోంచి కారుతున్నా విప్పక తప్పదు. టెన్షన్ అంతా ఇక్కడే. విజయనగరంలో సిరిమాను జాతరకి చుట్టాలు దిగే ముందు రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఏదైనా విరిగితే ప్లంబర్ దొరకడు.

ట్యాంకు గేటు వాల్వు కట్టి, పైపులో నీళ్లు వదిలేయండి. పానా వేసి మెల్లగా ఎడమకు తిప్పుతూ గోడ వైపే చూడండి. కొళాయితో పాటు గోడ లోపలి ఎల్బో (కొళాయి బిగించే పైపు వంపు ముక్క) కూడా కదిలినా, టైలు పక్క సిమెంటు రాలినా ఆపేయండి. అంటే మర పట్టేసింది. ఇనుప పైపైతే మర మీద కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేయండి. సీపీవీసీ పైపుకి కిరసనాయిలు వద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. వెనిగర్ గుడ్డ చుట్టండి. మర విరిగి ముక్క లోపలే ఉండిపోతే ఉలితో కొట్టకండి, ప్లంబర్‌ని పిలవండి.

శ్రీకాకుళంలో ఏ షాపుకెళ్లినా పాత కొళాయి చేతపట్టుకుని వెళ్లండి. మర మామూలుగా అరంగుళమే, అంటే 15 మి.మీ. చిక్కంతా పొడవుతోనే. టైల్స్ వేశాక ఎల్బో లోపలికి పోయి ఉంటే పొడవు పెంచే చిన్న ముక్క, ఎక్స్‌టెన్షన్ నిపుల్ కూడా కావాలి.

ఎల్బోలో పాత టేపు, జనపనార పూర్తిగా గీకేయండి. కొత్త కొళాయి మర కొస మీ వైపుంచి, గడియారం ముల్లు తిరిగే వైపు టెఫ్లాన్ టేపు పది చుట్లు బిగువుగా వేయండి. ముందు చేత్తో బిగించి, తర్వాత గుడ్డ చుట్టి పానా వేయండి. మూతి నిటారు దాటిపోతే వెనక్కి తిప్పకండి, అక్కడే కారుతుంది. పూర్తిగా విప్పి కొత్త టేపు వేయాల్సిందే.

కొళాయి తెరిచి ఉంచి వాల్వు వదలండి, గాలి పోతుంది. ధార సర్దుకున్నాక కొళాయి కట్టేసి, మర చుట్టూ పొడి కాగితం ఆనించండి. తడి తగిలితే మళ్లీ విప్పండి. పైన ఎం-సీల్ పూస్తే కారడం నాలుగు రోజులు ఆగుతుందేమో గానీ, ఈసారి విప్పేటప్పుడు ఎల్బో ఊడి చేతికొస్తుంది.